రెండు కళ్ళూ కనపడితేనే

నా ఉద్యోగం మంత్రిగారి మొహాన్ని లెక్కపెట్టడం. నియామకపు ఉత్తర్వులో దానికి రెండు లైన్ల పొడుగు పేరుంది, ఇప్పటికీ ఒక్క గుక్కలో చదవలేను. అసలు పని మాత్రం ఇదే. సమాచార ప్రసారాల మంత్రి పేషీలో, లిఫ్టు పక్కన, కిటికీ లేని గదిలో ఆరు టీవీలున్నాయి. ఆరింటిలోనూ మా ఊరి వార్తా ఛానెళ్ళే. పొద్దున్నే ఏడింటికి వచ్చి కూర్చుంటాను. నిన్నటి బులెటిన్లు రికార్డయి ఉంటాయి, అవి తిప్పుకుంటూ ఇవాళ్టివి చూస్తూ ఉంటాను. మంత్రిగారి మొహం తెరమీదికి వస్తే చేతిలో స్టాప్‌వాచీ నొక్కుతాను, పోతే మళ్ళీ నొక్కుతాను. పదిన్నరకి ఒక పేజీ షీటు రాసి లోపలికి పట్టుకెళ్తాను.

ఎనిమిదేళ్ళుగా నాకు నేను పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. రెండు కళ్ళూ కనపడితేనే మొహం. ఒక్క కన్ను కనపడితే సగం. వీపు లెక్కలోకి రాదు. పాత దృశ్యం వేస్తే పక్కన ‘పాతది’ అని రాస్తాను. పాతవాటిలో ఆయన సన్నగా ఉంటారు, జుట్టు కూడా ఎక్కువ. చూసుకోవడానికి ఆయనకి ఇష్టమే గాని, నిజం నిజమే కదా.

బయటివాళ్ళకి చెబితే నమ్మరు గాని, ఆ పేషీలో టీవీ చూసేవాళ్ళు ఎవరూ లేరు. మంత్రిగారికి తీరిక లేదు. ఆయన పి.ఎస్.కి టీవీ అంటేనే తలనొప్పి. ఊరంతా ఏమనుకుంటోందో మంత్రిగారికి తెలిసేది నా షీటులోనే. షీటులో ఎనిమిది నిమిషాలుంటే ఆ రోజు ఫైళ్ళు చకచకా కదులుతాయి. రెండు నిమిషాలుంటే గదిలో కాలుగాలిన పిల్లిలా తిరుగుతారు, వచ్చినవాడినల్లా కసురుతారు. ఈ మంత్రిగారు వచ్చిన మూడేళ్ళలో నా అంకెని ఒక్కసారి కూడా ఎవరూ అనుమానించలేదు. నాకు దాని మీద కాస్త గర్వం కూడా ఉండేది. ఎందుకు దాచాలి?

ఇక మా అక్క సంగతి. సైకిళ్ళు బాగుచేసే దుకాణం మీద రెండు గదుల్లో మా అక్కా బావా ఒక బుల్లి ఛానెల్ నడుపుతారు. గోడలకి దుప్పట్లు కొట్టారు, కింద గాలి కొట్టే యంత్రం చప్పుడు వినపడకుండా. వినపడుతుంది. బావ కెమెరా పడతాడు, అక్క చదువుతుంది. రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి పెద్దాసుపత్రికి వెళ్ళి ప్రతి గదిలోకీ తొంగిచూసి, ఏ డాక్టరు వచ్చాడో, ఏ కుర్చీ ఖాళీగా ఉందో నోటుబుక్కులో రాసుకుంటుంది. తొమ్మిదింపావుకి తెరమీదికొచ్చి అది చదువుతుంది. అంతే కార్యక్రమం. తర్వాత నీళ్ళు ఏ వీధికి ఎప్పుడు వదులుతారో, కరెంటు ఎక్కడ తీస్తారో. ఊళ్ళో సగం మంది అది విన్నాకే ఆసుపత్రికి బయలుదేరతారు. అక్కకి ‘హాజరమ్మ’ అని పేరు పెట్టారు. ఆసుపత్రి మెట్ల మీద ఆమె కనపడితే లోపల డాక్టర్లు పరుగున వచ్చి కుర్చీల్లో కూర్చుంటారని చెప్పుకుంటారు. అది కొంత నిజమే.

నాలుగేళ్ళ క్రితం అమ్మకి కన్ను ఎర్రబడి నొప్పి మొదలైంది. నాలుగు పొద్దులు తీసుకెళ్ళాం. కంటి డాక్టరు గదిలో కుర్చీకి తెల్లకోటు తగిలించి ఉండేది. "కోటుంది కదమ్మా, ఇక్కడే ఉన్నారు, ఇప్పుడే వస్తారు" అనేవాళ్ళు. నాలుగు పొద్దులూ ఆ కోటుని చూస్తూ కూర్చున్నాం. ఐదో రోజు ఆయన వచ్చి, రెండు రోజులు ముందు వస్తే కాపాడేవాణ్ణి అన్నాడు. అమ్మకి ఆ కన్ను పోయింది. ఆ మర్నాడే అక్క నోటుబుక్కు కొంది. మొదటి పేజీ మీద ఇప్పటికీ ఉంటుంది: కోటు లెక్కలోకి రాదు, మనిషి కనపడాలి. మా ఇంట్లో అందరికీ ఈ లెక్కల పిచ్చే.

అలాంటి ఛానెల్ పద్నాలుగో నంబరులో వస్తుంది. వచ్చే నెల నుంచి ఎనిమిది వందల పన్నెండుకి మారుస్తామని కేబుల్ వాళ్ళు కాగితం పంపారు. కేబుల్ ఎవరిదయ్యా అంటే ఊళ్ళోకల్లా పెద్ద ఛానెల్ యజమానిదే. ఎనిమిది వందల పన్నెండుకి ఎవరొస్తారు? ఆసుపత్రికి బయలుదేరే ముసలమ్మ రిమోట్ మీద మూడంకెలు నొక్కుతుందా? అంటే గొంతు నులమకుండా చంపడమన్నమాట.

దీనికి విరుగుడుగా మా శాఖలో ఒక ముసాయిదా తయారైంది. ఏ ఊళ్ళోనైనా మొదటి ఇరవై నంబర్లలో రెండు, ఆ ఊరి వార్తలు తీసే చిన్న ఛానెళ్ళకి కేటాయించి తీరాలి. అందులో నా ప్రమేయం ఏమీ లేదు, ప్రమాణం చేసి చెబుతాను. మంత్రిగారికే ఎందుకో ఆ ఆలోచన నచ్చింది. గురువారం మధ్యాహ్నం వంతెన ప్రారంభానికి వెళ్ళి, అక్కడే విలేకరుల ముందు ఆ మాట చెప్పేశారు. మంగళవారం మంత్రివర్గంలో పెడతామన్నారు.

శుక్రవారం పొద్దున్న నేను టీవీల ముందు కూర్చున్నాను. వంతెన వచ్చింది. రిబ్బను వచ్చింది. కత్తెర వచ్చింది. కత్తెర పట్టుకున్న చెయ్యి, మణికట్టు దాకా వచ్చింది. చప్పట్లు కొడుతున్న జనం వచ్చారు. తర్వాత వాతావరణం. స్టాప్‌వాచీ మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. ఆరింటిలో మూడు ఛానెళ్ళు ఆ కేబుల్ యజమానివే. మిగతా మూడూ ఆయన కేబుల్ మీద బతికేవి. ఆరింటిలోనూ చెయ్యే.

షీటులో సున్నా రాసి తీసుకెళ్ళాను.

మంత్రిగారు దాన్ని అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"వంతెన చూపించలేదా?"

"చూపించారు సార్."

"మరి?"

"చెయ్యి చూపించారు సార్. పన్నెండు సెకన్లు."

"చెయ్యే చూపించారా." ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నారు. "కనీసం పేరు చెప్పారా?"

"సంబంధిత శాఖ తరఫున ప్రారంభించారు అన్నారు సార్."

తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారు. తిట్టిన రోజు కూడా మొహం వేస్తారు కదా, కొన్నిసార్లు ఎక్కువే వేస్తారు. ఇది తిట్టు కాదు. మనిషి ఉన్నా లేనట్టే. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఆయన కుర్చీలో కుదురుగా కూర్చోలేదు. ఫోను తీసి పెట్టేవారు. కిటికీ దగ్గరికి వెళ్ళి వచ్చేవారు. ముసాయిదా ఫైలు తెప్పించి బల్ల మీద పెట్టుకుని, తెరవకుండా దాని మీద వేళ్ళతో కొడుతూ ఉన్నారు.

శనివారం మళ్ళీ సున్నా. పాఠశాలలో మొక్క నాటితే మొక్కని చూపించారు. మొక్క రెండు కళ్ళూ కనపడేలా చూపించారని నాలో నేనే గొణుక్కున్నాను. పి.ఎస్. నాతో పాటు లోపలికి వచ్చి నీళ్ళు నమిలాడు.

"సార్, మంగళవారమే పెట్టాలని రూలేం లేదు. ఇంకొంచెం అధ్యయనం చేయిస్తే..."

"చూద్దాం" అన్నారు మంత్రిగారు. ఆయన 'చూద్దాం' అన్న ఫైళ్ళు మా పేషీ వెనక గదిలో అటక దాకా ఉన్నాయి.

భోజనం వేళకి అక్క దగ్గరికి వెళ్ళాను. నా మొహం చూసి అమ్మ ఒంటికంటితోనే పసిగట్టింది. ఏమైందే అంది. ఏం లేదన్నాను. అక్క కేబుల్ కాగితాన్ని మడతలు విప్పుతూ, వేస్తూ ఉంది.

"వస్తుందా చిన్నదానా, ఆ నిబంధన?"

"వస్తుంది."

"ఖాయమేనా?"

"ఖాయమే అక్కా. ఆయన మాటంటే మాటే." ఇలా అంటూ అన్నం కలిపాను గాని ముద్ద దిగలేదు. బావ నా వైపు చూసి మంచినీళ్ళు ముందుకి జరిపాడు.

ఆదివారం నాకు సెలవుండదు, మొహాలకి సెలవులు లేవు. పదీ ఇరవై అయింది. ఆరు టీవీల్లోనూ ఆయన లేరు. షీటు మీద కలం పెట్టాను. సున్నా చుట్టడానికి ఎంతసేపు పడుతుంది? ఆ సున్నా లోపలికి వెళితే ఫైలు అటక మీదికి వెళుతుంది. అటక మీదికి ఫైలు వెళితే అక్క ఎనిమిది వందల పన్నెండులోకి వెళుతుంది. తర్వాత ఏ గదిలోనో ఎవరి అమ్మో కోటుని చూస్తూ కూర్చుంటుంది. ఇదంతా నా కలం మొనదగ్గర ఆగి ఉంది. మూడు నిమిషాల నలభై సెకన్లు అని రాశాను. అలాంటి అంకెని ఎవరూ అనుమానించరు, నాలుగు నిమిషాలంటే అనుమానిస్తారు.

మంత్రిగారు చదివారు. భుజాలు దిగాయి. మూడు రోజుల్లో మొదటిసారి టీ మొత్తం తాగారు.

"దారికొచ్చారు" అన్నారు పి.ఎస్.తో. "గట్టిగా ఉంటే వాళ్ళే వస్తారు. నీకు చెబితే వినవు. ముసాయిదా పంపెయ్యి."

సోమవారం ఐదు నిమిషాల ఇరవై రాశాను. లిఫ్టు దగ్గర నన్ను చూసి నవ్వారు కూడా. నాకైతే లిఫ్టు ఆగినప్పుడల్లా గుండె ఆగేది. ఎవరో ఒకరు చెబుతారు, డ్రైవరో, బార్బరో, ఎదురింటాయనో అనుకునేదాన్ని. ఎవరూ చెప్పలేదు. మంత్రితో, మీరు కనపడటం లేదని చెప్పే ధైర్యం ఎవరికుంటుంది?

మంగళవారం పన్నెండింటికి మంత్రివర్గ సమావేశం. ముసాయిదా బల్ల మీద ఎర్రదారం కట్టి సిద్ధంగా ఉంది. పదిన్నరకి నేను షీటుతో లోపలికి వెళ్ళాను. ఆరు నిమిషాల ఐదు సెకన్లు. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుంటూ ఉండగా తలుపు తోసుకుని ఒక పెద్దావిడ వచ్చింది. చేతిలో గుడ్డసంచీ, కాళ్ళకి ఇంట్లో వేసుకునే చెప్పులు. వెనకాలే పి.ఎస్. పరిగెత్తుకొచ్చాడు.

"అమ్మా, నువ్వేంటి ఇక్కడ?" అన్నారు మంత్రిగారు లేచి.

"ఫోన్ చేస్తే ఈ అబ్బాయి మీటింగులో ఉన్నారంటాడు." ఆవిడ పి.ఎస్. వైపు చూడకుండానే చెప్పింది. చిన్నకొడుకు ఇంట్లో ఉంటుందావిడ, రోజంతా పెద్ద ఛానెల్ ముందే. ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని ఎడమకి తిప్పింది, కుడికి తిప్పింది, రెండు కళ్ళల్లోకీ చూసింది. "బాగానే ఉన్నావుగా."

"నాకేమైంది?"

"ఐదు రోజులుగా టీవీలో లేవు. పొద్దున్న లేవు, సాయంత్రం లేవు. వంతెన దగ్గర చెయ్యి మాత్రం చూపించారు. దాని మీది మచ్చని బట్టి నీదే అనుకున్నాను. మొహానికేదో దెబ్బ తగిలింది, దాస్తున్నారు అని భయమేసింది నాయనా."

"నిన్న కూడా రాలేదా?"

"కళ్ళార్పకుండా కూర్చున్నాను. మొక్కని చూపించారు మొన్న. నిన్న అదీ లేదు."

మంత్రిగారు షీటు వైపు చూశారు. తర్వాత నా వైపు. పి.ఎస్. కూడా నా వైపే. నాకు పారిపోవాలనిపించింది గాని, అబద్ధం రాసిన చెయ్యి నాది, ఇంకెవరి మీద పెడతాను?

"ఆ అంకెలు నేనే వేశాను సార్. మూడు రోజులవీ. అసలుది సున్నా."

"ఎందుకు?"

చెప్పాను. అక్క గురించి, పద్నాలుగో నంబరు గురించి, కోటు గురించి, అమ్మ కన్ను గురించి. ఎక్కడా ఆపలేదు. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు. పెద్దావిడ మధ్యలో ‘అయ్యో’ అంది. మంత్రిగారు కూర్చున్నారు, లేచారు, మళ్ళీ కూర్చున్నారు.

"ఈ రెండు రాత్రులూ నాకు నిద్ర పట్టింది తెలుసా" అన్నారు చివరికి. కోపమో, మొరో నాకు తెలియలేదు.

పి.ఎస్. గొంతు సవరించుకున్నాడు. "సార్, ముసాయిదా వెనక్కి తీసుకుందామా?"

మంత్రిగారు నన్ను అడిగారు, "మీ అక్క ఛానెల్ ఎంతమంది చూస్తారు?"

"పొద్దున్న తొమ్మిదింపావుకైతే సగం ఊరు సార్."

"నేను చూస్తాను" అంది పెద్దావిడ. "హాజరమ్మే కదా? మోకాళ్ళ డాక్టరు వచ్చాడో లేదో ఆమె చెబితేనే కదులుతాను."

"అందులో నేను ఎప్పుడైనా వచ్చానా అమ్మా?"

"నువ్వెందుకొస్తావు? అందులో డాక్టర్లు వస్తారు."

ఆయన ఎర్రదారం విప్పారు. కలం తీసి ముసాయిదా చివర తన చేత్తోనే ఒక వాక్యం రాశారు. ఏ ఛానెల్‌కైనా ఆ నంబరు ఆరు నెలలకే ఇవ్వాలి, ఆ తర్వాత మంత్రి పరిశీలించి పొడిగించవచ్చు. దారం మళ్ళీ కట్టారు.

"నిబంధన వస్తుంది. మీ అక్కకి చెప్పు. ఊళ్ళో నేను చేస్తున్న పనులు కూడా వార్తలేనని చెప్పు. ఎక్కువ అక్కర్లేదు, రోజుకి రెండు నిమిషాలు. నీ గదిలో ఏడో టీవీ పెట్టిస్తాను. ఇకనుంచి నిజం రాయి."

నా ఉద్యోగం పోలేదు. పోయి ఉంటే బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే అక్కకి చెప్పాను. అక్క ముక్కుమీద కోపం మనిషి. "నేను ఖాళీ కుర్చీలు చూపించేదాన్ని, నిండిన కుర్చీకి హారతి పట్టమంటావా?" అని లేచింది. దుప్పట్ల మధ్య అటూ ఇటూ తిరిగింది. కింద గాలియంత్రం ఆగకుండా కొట్టుకుంటోంది. బావ లెన్సు తుడుస్తూ నెమ్మదిగా అన్నాడు, "రెండు నిమిషాలే కదే. నంబరు పోతే ఆసుపత్రే పోతుంది." అమ్మ మంచం మీంచి, "ఆ రెండు నిమిషాలూ నేను కాఫీ తాగుతాను, ఎలాగూ తాగాలి" అంది. అక్కకి నవ్వొచ్చింది. నవ్వు వచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది.

"డాక్టర్ల తర్వాత వేస్తాను. ముందు వెయ్యను" అంది.

"ముందు వద్దులే" అన్నాను. నాకు అప్పుడు ప్రాణం లేచొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, అక్క ఒప్పుకున్నందుకు ఆ రోజు సంతోషించాను.

నిబంధన వచ్చింది. అక్క పద్నాలుగులోనే ఉంది. మొదటి వారం షీటులో ఏడో టీవీ ఎదురుగా రెండు నిమిషాలు రాశాను. రెండో వారం, తను ఛానెళ్ళ మీద దయతలచి చేసిన పని గురించి చెప్పాలని మంత్రిగారు అక్కని పిలిపించారు, నాలుగున్నర అయింది. ఊరంతా పద్నాలుగులో ఆయన్ని చూస్తోందని తెలిసి పెద్ద ఛానెల్ వాళ్ళకి కంగారు పుట్టింది. వాళ్ళూ చెయ్యి వదిలి మొహానికొచ్చారు. దాంతో ఆయన నెమ్మదిస్తారనుకున్నాను. లేదు. ఆ ఆరింటిలో పెరిగిన కొద్దీ ఏడోదాంట్లో ఎందుకు పెరగలేదని అడిగేవారు. ‘సొంత ఛానెల్’ అనేవారు దాన్ని. అది ఆయన సొంతం ఎప్పుడైందో నేను అడగలేదు.

మూడో నెలకి ఆయన రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకే తన ఇంటి వాకిట్లో నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. బావ కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్ళేవాడు. ఏమడగాలో చెప్పడానికి అక్క కూడా వెళ్ళేది. డాక్టర్ల జాబితా మొహం తర్వాతికి కాదు, మొహం కిందికి వెళ్ళింది. సన్నని అక్షరాల్లో పరిగెత్తేది. అమ్మ ఒంటికంటికి అది అందేది కాదు. ఒకరోజు ‘చదవవే’ అని నన్నడిగింది. నేను చదివేలోపు అది వెళ్ళిపోయింది.

నిన్నటికి ఐదు నెలల ఇరవై రోజులు. ఇంకో పది రోజుల్లో పొడిగింపు కాగితం మంత్రిగారి బల్ల మీదికి వస్తుంది. పొద్దున్న పదింటికి ఏడో టీవీ ముందు స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. ఈ మధ్య రోజూ ఆ వేళకే మోగుతుంది.

"ఏమే, ఇవాళ ఎంత?" అంది అక్క.

"తొమ్మిది నిమిషాల పది."

"నిన్నటికంటే తగ్గిందా?"

"ఇరవై సెకన్లు."

"ఇరవయ్యా." అక్క ఊపిరి వినిపించింది, నడుస్తున్నట్టుంది. "మధ్యలో ఆయన పక్కకి తిరిగారు, అందుకే. పక్కకి తిరిగితే నువ్వు సగమే వేస్తావు కదా. పొడిగింపు దాకా నిండుగా వెయ్యకూడదా?"

"నిజం రాయమన్నారు అక్కా."

తెరమీద మంత్రిగారి రెండు కళ్ళూ స్పష్టంగా ఉన్నాయి. కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. కంటి విభాగం, వచ్చారు అని నా కళ్ళ ముందునుంచి పోయింది.

"కంటి డాక్టరు వచ్చాడా అక్కా ఇవాళ?"

"వేశాం కదే, వచ్చారని."

"నువ్వు చూశావా?"

ఫోనులో అక్క వెనక గాలియంత్రం కొట్టుకుంటోంది.

"వెళ్ళే తీరికెక్కడిదే? ఫోన్ చేసి కనుక్కున్నాను" అంది అక్క. "కుర్చీకి కోటుందట."